ఎండ పడే వైపు

జనవరి 8

కొలబద్దకి,

ముందు ఒక తప్పు దిద్దుకో. నేను ఏనాడూ చర్చి పాటల బృందంలో లేను. ఉన్నది మా అక్క. "నువ్వు బృందంలో జనంవైపు తిరిగి నిలబడేదానివి కదా అమ్మమ్మా, అందుకే నీ ఎడమ మాకు కుడి అవుతోంది" అని రాశావు చూడు, ఆ వాక్యంలో వ్యాకరణం తప్ప ఏదీ సరిగ్గా లేదు.

నన్ను కూడా ఒకసారి అక్కడ నిలబెట్టిన మాట నిజమే. పాట నేర్పే ఆయన కాసేపు విని, "అమ్మాయ్, నువ్వు పెదాలు మాత్రం కదుపు చాలు" అన్నాడు. తర్వాతి వారం, "పెదాలు కూడా వద్దులే, వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చో" అన్నాడు. అంతటితో నా సంగీతం ముగిసింది. అప్పట్నుంచి అందరిలాగే బలిపీఠానికి ఎదురుగా, ఎడమ వరసలో, స్తంభం పక్క బెంచీలో మా అమ్మ మోచేతి కింద కూర్చుని పెరిగాను. ఆ స్తంభానికే ఎత్తున బిగించిన ప్రసంగ వేదిక ఉండేది. సరిగ్గా నా నెత్తి మీద. పాస్టరు గారు ఆవేశం వచ్చి చేత్తో కొట్టినప్పుడల్లా చెక్క సందుల్లోంచి దుమ్ము రాలి నా జడలో పడేది. అందరూ ఆయన మొహం చూసేవాళ్ళు, నేను వేదిక అడుగుభాగం చూసేదాన్ని. అడుగున ద్రాక్షగుత్తి చెక్కి ఉండేది, అందులో ఒక పండు ఊడిపోయింది. ప్రసంగాలు ఒక్కటీ గుర్తులేవు. ఆ ఊడిన పండు చోటు మాత్రం గుర్తుంది.

నువ్వు పంపిన ఫొటో నకలు అందింది. బాగుంది. ఆ పొడవాటి కమానులు, గొలుసులకి వేలాడే దీపాలు, నేల మీద వరసగా పడ్డ ఎండ పలకలు, ఖాళీ బెంచీలు. చూస్తుంటే మోకాళ్ళకి పాత చలి తగిలింది. పెద్ద గాలివానకి కప్పు కూలి లోపలంతా నాశనమయ్యాక ఎవరికి తోచినట్టు వాళ్ళు మరమ్మతు చేసుకున్న ఆ చర్చిని మళ్ళీ పాత రూపానికి తేవాలని కమిటీకి బుద్ధి పుట్టడం, ఆ పని ఆర్కిటెక్టయి కొలబద్ద పట్టిన నా మనవరాలి చేతికి రావడం నాకు గర్వమే. కానీ ఫొటోలో వేదిక కుడివైపు ఉంది. అది తప్పు.

ఫొటో అబద్ధం చెప్పదని రాశావు. నేనూ చెప్పడం లేదు. ఆ వేదికని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే అనుకుంటా. మా అక్క ఉంటే ఇద్దరం అయ్యేవాళ్ళం. ఇద్దరు చెప్తే సాక్ష్యం. ఒక్కతే ముసలిది చెప్తే చాదస్తం.

అన్నట్టు, పోయినసారి వచ్చినప్పుడు నా నల్ల గొడుగు నువ్వేమైనా పట్టుకెళ్ళావా? మూలన కనపడటం లేదు.

ఉంటాను. ఉండటం తప్ప ప్రస్తుతం వేరే పనేమీ లేదు.

మీ అమ్మమ్మ


జనవరి 17

అమ్మమ్మా,

పాటల బృందం సంగతి తప్పు రాసినందుకు క్షమించు. ఆ కథ అమ్మ చెప్పింది, అమ్మకి పెద్దమ్మమ్మకీ నీకూ మధ్య కలగాపులగం అయినట్టుంది.

నీ ఉత్తరం పని దగ్గరే చదివాను, సిమెంటు బస్తా మీద కూర్చుని. ఇక్కడ నా పరిస్థితి ఎలా ఉందంటే, తలస్నానం చేసినా నీళ్ళు తెల్లగానే కారుతున్నాయి. సున్నం ఒళ్ళంతా ఇంకిపోయింది. కిటికీలకి కొత్త గాజు రావాలి కాబట్టి అన్నిటికీ మందపాటి పట్టాలు కప్పేశాం. లోపల పగలూ రాత్రీ ఒకటే ట్యూబులైట్ల వెలుతురు. మధ్యాహ్నం బయటికొస్తే కళ్ళు చికిలించుకుని గుడ్లగూబలా నిలబడుతున్నాను. అద్దె గదికి చేరాక తినాలో పడుకోవాలో తేల్చుకునేలోపే నిద్ర పట్టేస్తోంది.

ప్రసంగ వేదిక సంగతి కమిటీలో చెప్పాను. నిజంగా చెప్పాను. కమిటీ పెద్దాయన రిటైరైన జడ్జి. ఆయన ఫొటో మీద వేలు పెట్టి, "అమ్మాయ్, ఇది పత్రం. మీ అమ్మమ్మ గారిది జ్ఞాపకం. కోర్టులో ఏది నిలుస్తుందో నేను చెప్పాలా?" అన్నారు. అక్కడితో చర్చ అయిపోయింది. మన దగ్గరున్న పాత ఫొటో ఇదొక్కటే. బెంచీలూ దీపాలూ అన్నీ దాన్ని చూసే చేయిస్తున్నాం. వడ్రంగి వేదిక మెట్ల కోసం చెక్క కోయడం కూడా మొదలుపెట్టేశాడు. మెట్లు స్తంభం చుట్టూ తిరుగుతాయి కదా, పక్క మారితే మలుపు కూడా మారుతుందట.

చిన్నప్పటి చోట్లు మనసులో తారుమారవడం మామూలేనని ఎక్కడో చదివాను. నువ్వు పెద్దదానివయ్యావని కాదు, నాకూ అవుతుంది. నా ఒకటో తరగతి గది తలుపు ఎటువైపో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. అమ్మతో ఫోన్‌లో ఈ మాటే చెప్పి నవ్వుకున్నాం.

గొడుగు నా దగ్గరే ఉంది. ఆ రోజు వాన పడుతుంటే నువ్వే బలవంతంగా చేతిలో పెట్టావు. వచ్చేటప్పుడు తెస్తాను.

నీ కొలబద్ద


జనవరి 29

కొలబద్దకి,

మీరు తల్లీ కూతురూ నవ్వుకున్న నవ్వు ఇక్కడిదాకా నడిచొచ్చింది. వస్తూ వస్తూ లావెక్కింది కూడా.

మీ మామయ్య ఆదివారం పొద్దున్నే దిగాడు. చేతిలో సంచీ. సంచీలో జిగురు కాగితాలు, ఒక లావుపాటి పెన్ను. నేరుగా వంటింట్లోకి వెళ్ళి సొరుగుల మీద అంటించడం మొదలుపెట్టాడు. 'చెంచాలు'. 'మందులు'. 'కత్తి, జాగ్రత్త'. పంపు మీద 'వాడాక కట్టెయ్యాలి'.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"నీ మంచికేనమ్మా."

"నా మంచి చెంచాల సొరుగులో ఉందని ఇన్నాళ్ళూ తెలీదురా."

"హాస్యం వద్దమ్మా. ఆ ప్రసంగ వేదిక ఏ పక్కనుందో కూడా తారుమారుగా చెప్తున్నావట. దాని కిందే పెరిగినదానివి! రేపు స్టవ్ ఏ పక్కకి తిప్పితే ఆరుతుందో మర్చిపోతే?"

తర్వాత స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి ఆలోచిస్తున్నాడు. "దాని మీదేం రాస్తావు నాయనా? 'ఇది నువ్వే' అని రాయి" అన్నాను. నవ్వలేదు. వాడికి నవ్వు వాళ్ళ నాన్న వైపు నుంచి రావాలి, అటు నిల్వ లేదు.

పోతూ పోతూ గ్యాస్ రెగ్యులేటరు ఊడదీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. నా ఇంటి రెండో తాళంచెవి కూడా. ఇకనుంచి భోజనం వాళ్ళింటి నుంచి క్యారియరులో వస్తుందట. వస్తోంది. మీ అత్తయ్య కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయి ఏళ్ళయింది, ఆవిడకి ఎవరూ పరీక్ష పెట్టరు. నాకు మాత్రం మార్చిలో పెట్టారు. జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గర. అందులో తప్పితే ఈ రెండు గదులూ ఖాళీ చేసి వాళ్ళింట్లో వెనక గదిలోకి మారాలి. ఆ గదిలో ప్రస్తుతం వాళ్ళబ్బాయి సైకిలూ, పాత ఫ్రిజ్జూ ఉన్నాయి. నేను మూడోదాన్ని.

నువ్వు మీ మామయ్యకి ఇలా రాస్తావనుకోలేదు. నాతో వాదించావు, అది నీ హక్కు. నేను నేర్పిందే. కానీ నా మీద వాడికి కాగితం రాయడం వేరు. పెద్ద తరగతుల పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైనదాన్ని. నాకు ఎడమా కుడీ తెలియదని నా కొడుకు నాకే బోర్డులు రాసి అంటిస్తుంటే, కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. అరిచే ఓపిక కూడా లేకపోయింది. అదీ వాడి లెక్కలో ఒక లక్షణమే అయ్యుంటుంది.

నేను ఆ పరీక్షకి వెళ్ళను. ఈ తలుపు నాది, దీని తాళం నాది. వేదిక ఎడమవైపే ఉండేది.

నా నల్ల గొడుగు కనపడటం లేదు. పోయినసారి వచ్చినప్పుడు నువ్వేమైనా తీసుకెళ్ళావేమో చూడు.

మీ అమ్మమ్మ


ఫిబ్రవరి 6

అమ్మమ్మా,

నేను మామయ్యకి ఒక్క ముక్క కూడా రాయలేదు. నీ మీద ఒట్టు. నేను అమ్మకి చెప్పాను, అమ్మ మామయ్యకి చెప్పింది, మామయ్య దానికి చిలవలూ పలవలూ అల్లుకున్నాడు. కానీ మొదలుపెట్టింది నేనే, ఆ నవ్వు నాదే. సొరుగుల మీద కాగితాల సంగతి చదివి ఊరుకోలేకపోయాను. మామయ్యకి ఫోన్ చేశాను. "నువ్వు దూరాన ఉండి ప్రేమించడం తేలికే, దగ్గరుండి చూసుకునేవాణ్ణి నేను" అన్నాడు. అది నిజం కాబట్టి కోపం ఇంకా ఎక్కువొచ్చింది.

గొడుగు నా దగ్గరే ఉంది అమ్మమ్మా, భద్రంగా ఉంది. వచ్చేటప్పుడు తెస్తాను.

ఇక్కడ ఒక చిన్న విషయం జరిగింది. నిన్న కుడివైపు స్తంభానికి పై సున్నం గీకించాను. వేదికని మోసిన ఇనప కమ్మీలు రాతిలోకి దిగి ఉండాలి కదా, వాటి బెజ్జాలు కనపడాలి. ఏమీ లేవు. రాయి శుభ్రంగా, నున్నగా ఉంది. కాంట్రాక్టరు, "అప్పుడే రాతిపొడితో పూడ్చేసుంటారు మేడమ్, పాతకాలపు పనితనం" అన్నాడు. తన పని గురించి ఎప్పుడూ అంత గౌరవంగా మాట్లాడటం వినలేదు. జడ్జి గారు తలూపారు. నేనూ ఊపాను. రోజంతా నిలబడి ఉన్నప్పుడు తలూపడం ఒక్కటే విశ్రాంతి.

కానీ గదికొచ్చాక ఆ నున్నటి రాయే కళ్ళముందు ఆడుతోంది. ఎడమ స్తంభాన్ని కూడా గీకిస్తానంటే కమిటీ ఒప్పుకోవడం లేదు. ఊరికే గోడలు పాడుచేస్తావా అంటున్నారు. ఈ నెలాఖరుకి కొత్త వేదిక నక్షా మీద నేను సంతకం పెట్టాలి. నేను సొంతంగా సంతకం పెట్టే మొదటి పని ఇదే.

నిన్నొకటి అడుగుతాను, కోప్పడకు. నీకు గుర్తుంది అని కాకుండా, వాళ్ళు కళ్ళతో చూసేది ఏమైనా ఉందా? ఆ ఫొటోలోనే ఏదైనా?

నీ కొలబద్ద


ఫిబ్రవరి 12

కొలబద్దకి,

ఇప్పుడు అడిగావు సరైన ప్రశ్న. ఇది జనవరిలోనే అడిగుంటే నా సొరుగులు శుభ్రంగా ఉండేవి. మామయ్యకి నువ్వు రాశావని నిందించాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అంతకన్నా ఒంగితే నడుము పట్టేస్తుంది.

పటాలు చూసే నా పాత భూతద్దం వెతికితే 'చెంచాలు' సొరుగులో దొరికింది. మీ మామయ్య కాగితం ఆ విషయం చెప్పలేదు. ఫొటోని కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. వేదికని చూడలేదు. వేదికని చూసి చూసి మీరందరూ చెడిపోయారు. నేల మీద ఎండ చూశాను.

ఇక పాఠం. మన చర్చిలో బలిపీఠం తూర్పున ఉంది. అది గాలివానకి కదల్లేదు, కమిటీకీ కదల్లేదు. బలిపీఠానికి ఎదురుగా నిలబడితే నీ కుడి దక్షిణం, ఎడమ ఉత్తరం. మన దగ్గర సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణానికి వాలి నడుస్తాడు, కాబట్టి ఎండ కుడి కిటికీల్లోంచి వస్తుంది. ఉత్తరం కిటికీల వెనక పాస్టరు గారి బంగళా గోడ ఎత్తుగా ఆనుకుని ఉంది కదా, ఎండాకాలంలో కూడా అటునుంచి ఒక్క ముక్క ఎండ లోపలికి జొరబడదు. మా అమ్మా నేనూ కూర్చున్నది ఆ ఉత్తరం పక్కనే. గోడకి ఎప్పుడూ చెమ్మ. పాటల పుస్తకాలకి బూజు వాసన. అవతలి వరసలో డబ్బున్నవాళ్ళు ఎండలో వెచ్చగా కునికిపాట్లు పడుతుంటే మేము వణుకుతూ మేలుకుని దేవుడి మాట వినేవాళ్ళం. మా భక్తి అంతా ఆ చలి పుణ్యమే.

ఇప్పుడు నీ ఫొటో చూడు. ఎండ పలకలు ఏ కిటికీల కింద మొదలవుతున్నాయి? ఎడమ. అంటే ఉత్తరం. బంగళా గోడలోంచి ఎండ దూసుకొచ్చిందన్నమాట.

సూర్యుడు దారి తప్పాడా, లేక ఫొటో తిరగబడిందా? అద్దంలో చూసుకుంటే నా కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమకి పోయినట్టు, ఆ చర్చి మొత్తం పక్కలు మార్చుకుంది. రెండు వైపులా ఒకేలాంటి కమానులు, ఒకేలాంటి బెంచీలు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రెండు పక్కలా ఒకటి కానివి రెండే. ఒకటి వేదిక, రెండోది ఎండ. మీరు పట్టాలు కప్పి రెండోదాన్ని బయటే ఆపేశారు. నువ్వు అక్కడికి వెళ్ళిన దగ్గర్నుంచి ఆ చర్చిలో ఎండ ఒక్కసారైనా చూశావా?

కాబట్టి పట్టాలు విప్పించు. పొద్దెక్కాక, ఆ జడ్జి గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బలిపీఠానికి ఎదురుగా నిలబెట్టు. ఫొటో ఆయన చేతికే ఇవ్వు. నువ్వేమీ మాట్లాడకు. నీకు మాట్లాడాలని దురద పుడుతుంది, నాకు తెలుసు, నా రక్తమే. అయినా నోరు మూసుకుని నిలబడు.

దీని మీదే నా తాళంచెవి ఆధారపడి ఉందని మర్చిపోకు. మార్చి మొదటివారంలో పరీక్ష. మీ మామయ్య రోజూ గుర్తుచేస్తున్నాడు. నేను మర్చిపోతానని కాదు, తనకి నమ్మకం కుదరక.

అలసటగా ఉంది. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సిరావడం ఒక అలసట.

మీ అమ్మమ్మ


ఫిబ్రవరి 24

అమ్మమ్మా!

ఎడమ! ఎడమ! ఎడమ!

మొదట్నుంచి చెప్తాను, లేకపోతే నువ్వు తిడతావు. పట్టాలు విప్పమంటే తాపీ మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎండ చూడ్డానికా? ఎండ కావాలంటే బయట బోలెడుంది కదా మేడమ్" అన్నాడు. అయినా విప్పారు. మొన్నటిదాకా మబ్బులే. నిన్న కాసింది. పట్టా జారగానే కుడి కిటికీల్లోంచి ఎండ నేల మీదికి దబ్బున పడ్డట్టు వచ్చింది, దుమ్మంతా వెలిగింది. పనివాళ్ళందరూ చేతిలో పని ఆపేశారు. మేమూ వాళ్ళూ ఇన్నాళ్ళు అందులోనే ఉండి ఆ చర్చిని అప్పుడే మొదటిసారి చూశాం. ఎడమవైపు నువ్వు చెప్పినట్టే మసగ్గా, చెమ్మగా, బంగళా గోడ నీడలో ఉంది.

జడ్జి గారు ఫొటో చూశారు. నేల చూశారు. మళ్ళీ ఫొటో. నేను నువ్వు చెప్పినట్టే నోరు మెదపలేదు, నాలుక కొరుక్కుని నిలబడ్డాను. ఆయన ఫొటోని వెనక్కి తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకుని, కాగితంలోంచి చూసి, "మీ అమ్మమ్మ గారు ఏం చేసేవారు?" అన్నారు. "భూగోళం చెప్పేవారండి" అన్నాను. "అలాగా. నేను భూగోళంలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే" అన్నారు.

ఎడమ స్తంభం గీకించాం. రెండు దెబ్బలకే సున్నం పెళ్ళ ఊడింది. రాతిలో తుప్పు మరకలు, కోసేసిన ఇనప కమ్మీల మొదళ్ళు. నువ్వు తలెత్తి చూసిన చోటే! పాస్టరు గారి గదిలో బీరువా అడుగున ఆ ఫొటో అసలు గాజు పలక, అంటే పాతకాలపు నెగెటివు కూడా దొరికింది. ఎప్పుడో వార్షికోత్సవానికి దాన్నుంచి ప్రింటు వేయించినప్పుడు పలకని తిరగేసి పెట్టేశారు. ఆ తర్వాత అందరూ ఆ ప్రింటునే నమ్మారు.

వడ్రంగి మెట్లు మళ్ళీ కోయాలి. కాసేపు ఏవో గొణుక్కున్నాడు, నీకు రాయదగ్గ మాటలు కావు. తర్వాత చల్లబడి, వేదిక అడుగుభాగం ఫొటోలో కనపడదు కదా, ఎలా ఉండేదో పెద్దమ్మగారిని అడగండి అన్నాడు. ద్రాక్షగుత్తి అని చెప్పాను. ఆ ఊడిన పండు కూడా చోటు వదిలి చెక్కాలా, లేక నిండుగా చెక్కాలా అని అడగమన్నాడు.

సాయంత్రం మామయ్యకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. రెగ్యులేటరు ఇచ్చెయ్యమన్నాను, కాగితాలు పీకెయ్యమన్నాను, డాక్టరు దగ్గర తీసుకున్న తేదీ రద్దు చేయించాను. నువ్వు గెలిచావు అమ్మమ్మా. ఇక నిన్నెవరూ ఏమీ అనరు.

నీ కొలబద్ద


మార్చి 3

కొలబద్దకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషానికి. రెండోసారి జడ్జి గారి మార్కుల కోసం. మూడోసారి చివరి వాక్యం కోసం.

మీ మామయ్య వచ్చాడు. రెగ్యులేటరూ, తాళంచెవీ బల్ల మీద పెట్టి, దొంగిలించిన గోళీలు తిరిగిచ్చే పిల్లాడిలా గోడ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత స్టూలు వేసుకుని కాగితాలన్నీ గోటితో గీకాడు. జిగురు పోక మరకలు మిగిలాయి. "సారీ అమ్మా" అన్నాడు. వాడి నోట ఆ మాట వాడి పెళ్ళిలో కూడా వినలేదు. టీ పెట్టిచ్చాను. నా స్టవ్ మీద, నా చేత్తో. తాగి, కప్పు కడిగి మరీ వెళ్ళాడు. గుమ్మం దగ్గర చూస్తే వాడి జుట్టు కూడా సగం తెల్లబడింది. దగ్గరుండి చూసుకునేవాణ్ణి నేను అని నీతో అన్నాడు కదా, అది నిజమే. చూసుకోవడం చేతకాక బోర్డులు రాశాడంతే.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మీ అమ్మకి ఫోన్‌లో చెప్పకు. నేనే చెప్తాను.

పోయినవారం వంటింటి బల్బు మాడిపోతే కొనడానికి వెళ్ళాను. వీధి చివర దుకాణమే. బల్బు కొన్నాను, చిల్లర తీసుకున్నాను, బయటికొచ్చాను. మందుల షాపు మూలకొచ్చేసరికి ఎటు తిరగాలో తెలియలేదు. ఆలోచిస్తే గుర్తొచ్చే రకం కాదు. అక్కడ ఏమీ లేదు, గీకిన గోడలా. రెండు వీధులూ ఒకేలా ఉన్నాయి. ఒకదాంట్లో ఎండ ఉంది, ఒకదాంట్లో లేదు. దిక్కులన్నీ తెలుసు. తూర్పు ఎటో చెప్పగలను. నా ఇల్లు ఏ దిక్కునుందో మాత్రం తెలియదు.

మందుల షాపు అమ్మాయి చూసి కుర్చీ తెచ్చి వేసింది.

"ఏంటి పెద్దమ్మా, కళ్ళు తిరిగాయా?"

"లేదమ్మా, అలిసిపోయాను."

"కూర్చోండి, నీళ్ళు తాగండి. తొందరేముంది."

అబద్ధం చెప్పలేదు, అలిసిపోయాను. కాసేపటికి మా కింద వాటాలో ఆయన కూరగాయల సంచీతో వెళ్తూ కనపడ్డాడు. "నేనూ వస్తాను పద" అని ఆయన పక్కనే నడిచి ఇంటికొచ్చాను. తోడొచ్చానని ఆయన సంతోషించాడు.

ఇంకోటి. గొడుగు. నేను రెండుసార్లు అడిగాను కదా? నువ్వు రెండుసార్లూ మొదటిసారి విన్నట్టే జవాబిచ్చావు. నీ ఉత్తరాలు వరసగా పెట్టి చదువుకుంటుంటే తెలిసింది. వేదిక మీద నాతో అంతలా వాదించినదానివి, గొడుగు దగ్గర మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే నువ్వూ గమనించావన్నమాట. గమనించి మెత్తగా దాటేశావు. నువ్వు మెత్తగా ఉన్నావంటేనే నాకు భయం వేసింది.

కాబట్టి ఆ డాక్టరు తేదీ మళ్ళీ తీసుకో. రద్దు చేసినదానివి నువ్వే కాబట్టి ఆ బాధ్యత నీదే. నేను వెళ్తాను. వేదిక ఏ పక్కనో తెలియని ముసలమ్మగా వాడు నన్ను లాక్కెళ్ళడం వేరు, వేదిక ఏ పక్కనో అందరికీ చెప్పిన తర్వాత నా అంతట నేను వెళ్ళడం వేరు. ఫలితం రెండింటికీ ఒకటే కావచ్చు. తేడా నాకు చాలు. ఇల్లు ఖాళీ చెయ్యాలా, వెనక గదిలో సైకిలు ఎటు జరపాలా అన్నది ఆ తర్వాత మాట్లాడదాం. మాట్లాడటం నేనే మొదలుపెడతాను. రెగ్యులేటరు మాత్రం నిన్న నేనే మళ్ళీ మీ మామయ్య చేతిలో పెట్టాను. వాడు కంగారుపడ్డాడు. "ఎందుకమ్మా, నువ్వే గెలిచావుగా" అన్నాడు. "గెలిచినవాళ్ళు కూడా స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతారురా" అన్నాను. మీ అత్తయ్యతో మాత్రం ఉప్పు విషయం తేల్చుకోవాలి, అది వదిలేది లేదు.

ఆ రోజు నాతో నువ్వు రా. డాక్టరు ఏ తేదీ, ఏ వారం, ఎవరు పాలిస్తున్నారు అని అడుగుతాడట. ఆయన అడిగేవి నాకు రాకపోతే ఫరవాలేదు, పక్కన నా మనిషి ఉంటే చాలు. నువ్వు జవాబులు అందించకు. జడ్జి గారి ముందు నిలబడ్డట్టే నోరు మూసుకుని నిలబడు.

వడ్రంగికి చెప్పు, ద్రాక్షగుత్తి నిండుగా చెక్కమని. ఊడాల్సింది తర్వాత అదే ఊడుతుంది.

ఇక నీకో చిన్న పని. ఆ గాజు పలక నుంచి ఫొటో ఒకటి సరైన పక్కకి ప్రింటు వేయించు, నా చేతిసంచీ లోపలి అరలో పట్టేంత. కొట్టువాడికి పలక ఏ మొహం పైకి ఉండాలో దగ్గరుండి చూపించు, ఎండ కుడి నుంచి వస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వు. ఆ ఫొటో వెనక నా ఇంటి చిరునామా, నీ ఫోన్ నంబరూ, మందుల షాపు మూలనుంచి ఎటు తిరగాలో రాయి. నీ చేతిరాతతోనే రాయి. మీ మామయ్యది వద్దు, వాడి అక్షరాలు చూస్తే దారిలో దొరికినవాళ్ళు నన్ను ఆసుపత్రికి చేరుస్తారు. రాశాక తడవకుండా పైన ప్లాస్టిక్ వేయించు.

వచ్చేటప్పుడు గొడుగు కూడా తీసుకురా. ఇది మూడోసారి అడగడం. ఈసారి నాకు గుర్తుంది.

మీ అమ్మమ్మ